ఫుడ్ సేఫ్టీ పెనాల్టీ పడింది: కట్టేయాలా, అప్పీలుకు వెళ్లాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు, తెనాలి చుట్టుపక్కల కారం మిల్లులకు, స్వీటు షాపులకు, కిరాణా కొట్లకు ఫుడ్ లైసెన్సు కాగితాలు చూసిపెట్టడం నా పని. పెనాల్టీ ఆర్డర్ చేతికొచ్చాక వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకే మాటతో మొదలవుతాయి: "అన్నా, ఇప్పుడేం చెయ్యాలి?" చెప్పిందే చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి ఇక రాసి పెట్టాను. ఇదంతా 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, దాని కింద 2011లో వచ్చిన రూల్స్ సంగతి. మీ కేసు ఏ దశలో ఉందో చూసుకుని అక్కడి నుంచి చదువుకోండి.

## శాంపిల్ తీసిన రోజు

ఫుడ్ ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి ప్యాకెట్లు తీసుకెళ్లారు. కేసు పడిపోయినట్టేనా?

లేదు. శాంపిల్ తీయడం రోజువారీ తనిఖీలో భాగమే. సరుకు ఫుడ్ అనలిస్టు (ల్యాబ్‌లో పరీక్ష చేసే అధికారి) దగ్గరికి వెళ్తుంది. శాంపిల్ అందిన 14 రోజుల్లో ఆయన రిపోర్టు ఇవ్వాలన్నది చట్టం మాట. రిపోర్టు బాగుంటే అక్కడితో సరి. ఇంకో సంగతి, శాంపిల్‌గా తీసుకున్న సరుకుకు మీరు జనానికి అమ్మే రేటు చొప్పున ఇన్‌స్పెక్టర్ గారే మీకు డబ్బు ఇవ్వాలి. ఆ డబ్బు తీసుకుని రసీదు మీద సంతకం పెట్టండి. "ఎందుకులెండి సార్, ఉంచండి" అని మొహమాటపడేవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కర్లేదు, అది మీ హక్కు.

శాంపిల్ నాలుగు భాగాలు చేసి సీలు వేశారు. నాలుగు ఎందుకు?

ఒకటి ఫుడ్ అనలిస్టుకు వెళ్తుంది. రెండు డిజిగ్నేటెడ్ ఆఫీసర్ (ఇన్‌స్పెక్టర్ పైన ఉండే ఫుడ్ సేఫ్టీ అధికారి) దగ్గర భద్రంగా ఉంటాయి. నాలుగోది మీ కోసం. "దీన్ని గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపండి, ఖర్చు నేను పెట్టుకుంటాను" అని మీరు అడిగితే పంపుతారు. రెండు రిపోర్టులూ కలవకపోతే డిజిగ్నేటెడ్ ఆఫీసర్ తన దగ్గరున్న భాగం ఒకటి రిఫరల్ ల్యాబ్‌కు పంపాలి, అక్కడ తేలిందే ఖాయం. అప్పటికప్పుడు కాగితం మీద రాసిచ్చి అడగాల్సిన హక్కు ఇది. నాకు తెలిసిన వందలో తొంభై మంది అడగరు. అడిగితే ఆఫీసరుకు కోపం వస్తుందేమోనని భయం. ఆయన ఇచ్చే ఫారంలోనే ఈ మాట అచ్చయి ఉంటుంది కాబట్టి కోపానికి తావే లేదు.

సంతకం పెట్టనని తలుపు వేసేస్తే?

వద్దు. మీరు పెట్టకపోతే సాక్షి సంతకంతో పని కానిచ్చేస్తారు. అడ్డుపడ్డారన్నది విడిగా ఒక నేరం అవుతుంది, దానికి జైలు శిక్ష కూడా ఉంది. అభ్యంతరం ఉంటే సంతకం పక్కనే రాయండి: "సీలు లేని బస్తాలోంచి తీశారు", "ఎలుకల మందు కొట్టి పక్కన పెట్టిన సరుకు, అమ్మకానికి కాదు", ఏది నిజమైతే అది. ఆ ఒక్క లైను ఆరు నెలల తర్వాత పనికొస్తుంది.

## ల్యాబ్ రిపోర్టు వచ్చాక

రిపోర్టులో 'సబ్‌స్టాండర్డ్' అని ఉంది. నేను కల్తీ చేశానని అంటున్నారా?

అనడం లేదు. సబ్‌స్టాండర్డ్ అంటే ప్రమాణానికి తగ్గింది, కానీ తింటే హాని లేదు అని. కారం పొడి సంగతి చూడండి. తేమ 11 శాతం మించకూడదు, మొత్తం బూడిద 8 శాతం మించకూడదు, ఆమ్లంలో కరగని బూడిద 1.3 శాతం మించకూడదు. ఈ చివరిదే మా వైపు మిల్లుల కొంప ముంచేది. కాయ కల్లంలో నేల మీద ఆరుతుంది, దుమ్ము పడుతుంది, తొడిమ దగ్గర ఇసుక దాక్కుంటుంది. సరిగ్గా జల్లించకుండా ఆడిస్తే అదంతా పొడిలోకి వచ్చేస్తుంది. మిల్లు యజమాని ఏమీ కలపలేదు, అయినా రిపోర్టులో 1.3 దాటుతుంది. దీనికి పెనాల్టీయే, జైలు లేదు. అదే పొడిలో సుడాన్ రంగు (తిండిలో వాడకూడని రసాయన రంగు) దొరికితే 'అన్‌సేఫ్' అంటారు. అది క్రిమినల్ కోర్టుకు వెళ్లే కేసు, ఈ పేజీ దానికి సరిపోదు, వెంటనే లాయర్ని కలవండి.

సరుకు బంగారంలా ఉందని రిపోర్టే చెప్తోంది, మరి 'మిస్‌బ్రాండెడ్' ఏంటి?

లోపలి సరుకు మీద కాదు, పైనున్న లేబుల్ మీద కేసు. మొన్న ఒకాయన పావుకిలో కారం ప్యాకెట్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పేరు ఉంది, బరువు ఉంది, ధర ఉంది, ఆకుపచ్చ చుక్క ఉంది, 14 అంకెల లైసెన్సు నంబరూ ఉంది. 'బ్యాచ్ నం.' అన్న మాట కూడా అచ్చయి ఉంది. దాని ఎదురుగా ఖాళీ. తేదీ స్టాంపు కొట్టే కుర్రాడు ఆ రోజు రాలేదట. ఆ ఖాళీ జాగాకే కేసు. మిస్‌బ్రాండింగ్‌కు పెనాల్టీ గరిష్ఠంగా 3 లక్షలు. ఇలాంటి కేసుల్లో రిపోర్టుతో పోట్లాడి లాభం లేదు. మిగిలిన ప్యాకెట్లకు లేబుల్ సరిచేయించి, ఫొటోలు తీసి, బిల్లులు దాచుకుని తర్వాతి మెట్టుకు సిద్ధపడండి.

రిపోర్టు తప్పని నా నమ్మకం. మళ్లీ టెస్టు చేయించొచ్చా?

చేయించొచ్చు. రిపోర్టు మీకు అందిన రోజు నుంచి 30 రోజుల్లో డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు ఫారం 8లో అప్పీలు పెట్టాలి. ఆయన ఒప్పుకుంటే తన దగ్గర సీలు వేసి ఉంచిన భాగాన్ని రిఫరల్ ల్యాబ్‌కు పంపుతారు (మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధనా సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ లాంటివి). రిఫరల్ ల్యాబ్ మాటే చివరి మాట.

మొత్తం వ్యవహారంలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఈ 30 రోజుల గురించే. జనం పెనాల్టీ ఆర్డర్ వచ్చిన రోజున లేచి కూర్చుంటారు, అసలు గడియారం రిపోర్టు కవరుతోనే మొదలైపోయి ఉంటుంది. మా బావమరిది నూనె మిల్లు కేసులో అదే జరిగింది. రిజిస్టర్ పోస్టులో వచ్చిన కవరును లక్ష్మీదేవి పటం వెనక పెట్టి మర్చిపోయాడు. నా చేతికి వచ్చేసరికి నలభై ఒకటో రోజు. ఆ తర్వాత పెనాల్టీ కేసు విచారించే జాయింట్ కలెక్టర్ (జేసీ) ముందు "రిపోర్టు తప్పు" అని ఎంత మొత్తుకున్నా, "మరి అప్పుడే అప్పీలు ఎందుకు చేయలేదు?" అన్న ఒక్క ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. కవరు రాగానే దాని మీద అందిన తేదీ పెన్నుతో రాసి, కవరును కూడా చించి పారేయకుండా దాచండి. పోస్టాఫీసు ముద్రే మీ సాక్ష్యం.

ఆ కవరు తీసుకోకుండా తిప్పి పంపేస్తే కేసు ఆగుతుందా?

ఆగదు. 'తీసుకోవడానికి నిరాకరించారు' అని పోస్ట్‌మ్యాన్ రాస్తే అందినట్టే లెక్క. గడువు నడుస్తుంది, మీకు మాత్రం లోపల ఏముందో తెలియదు.

అదే సరుకును నేనే ప్రైవేట్ ల్యాబ్‌లో టెస్టు చేయించాను, పాస్ అయింది. ఆ రిపోర్టు చూపిస్తే చాలా?

చాలదు. మీరు పంపింది ఆ సీలు వేసిన శాంపిల్ కాదు కదా, అదే సరుకని ఎవరు నమ్ముతారు? అయితే పారేయకండి. ప్రతి బ్యాచ్ టెస్టు చేయించే అలవాటు మీకుందని చూపడానికి, పెనాల్టీ తగ్గించమని అడిగేటప్పుడు, అది పనికొస్తుంది.

## నోటీసు, హియరింగ్

జాయింట్ కలెక్టర్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. కోర్టు కేసా? జైలుంటుందా?

కోర్టు కాదు, జైలు లేదు. సెక్షన్ 68 కింద విచారణ జరిపి పెనాల్టీ వేసే అధికారి ఆయన, అడ్జుడికేటింగ్ ఆఫీసర్ అంటారు. అదనపు జిల్లా మేజిస్ట్రేటుకు తగ్గని హోదా ఉండాలి. అందుకే ఆంధ్రలో జాయింట్ కలెక్టర్, తెలంగాణలో అడిషనల్ కలెక్టర్ చూస్తారు. కోర్టు కాకపోయినా సాక్షుల్ని పిలిపించడానికి, కాగితాలు తెప్పించడానికి ఆయనకు సివిల్ కోర్టు అధికారాలున్నాయి. మొదటి హియరింగ్ నుంచి 90 రోజుల్లో ఆర్డర్ ఇవ్వాలని రూలు. జేసీ గారికి భూముల పంచాయితీలూ ప్రోటోకాలూ తప్పవు కాబట్టి వాయిదాలు పడుతుంటాయి. మీరు మాత్రం ఏ వాయిదాకూ గైర్హాజరు కావద్దు. మీరు రాకపోయినా ఆర్డర్ వస్తుంది.

ఎంత వేస్తారు? ఊరికే ఒక అంకె చెప్పండి.

చట్టంలో ఉన్నవన్నీ 'ఇంతకు మించకుండా' అనే అంకెలు. సబ్‌స్టాండర్డ్‌కు 5 లక్షలు. మిస్‌బ్రాండెడ్‌కు 3 లక్షలు. సరుకులో పురుగు, మట్టి, వెంట్రుక లాంటి పరాయి పదార్థం ఉంటే లక్ష. మురికిగా, శుభ్రత లేకుండా తయారు చేస్తే లక్ష. తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షలు. ఆఫీసరు చెప్పిన దిద్దుబాటు చేయకపోతే 2 లక్షలు. విడిగా శిక్ష చెప్పని తప్పులకు కూడా 2 లక్షల దాకా. ఆర్డర్‌లో పడే అంకె వీటిలో ఎంత కిందికి ఉంటుందన్నది చాలావరకు మీరిచ్చే జవాబు మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి నోటీసు రాగానే అందులో రాసిన సెక్షన్ నంబరు కింద గీత గీయండి. దాన్నిబట్టే మీ కేసు బరువెంతో తెలుస్తుంది.

లాయర్ని పెట్టుకోవాలా?

పెట్టుకోవచ్చు, తప్పనిసరి కాదు. లేబుల్ తప్పు ఒప్పుకుని తక్కువ వేయమని అడిగే కేసుకు మీరే వెళ్లి నిజాయితీగా చెప్పుకోవచ్చు. ల్యాబ్ రిపోర్టుతో, శాంపిల్ తీసిన పద్ధతితో తగవు ఉంటే లాయర్ ఉండాలి.

జవాబులో ఏం రాయాలి? "తెలియక జరిగింది, క్షమించండి" అంటే చాలా?

క్షమాపణ ఒక్కటే రాస్తే తప్పు ఒప్పుకున్నట్టు, తగ్గించడానికి కారణం మాత్రం ఏమీ ఇవ్వనట్టు. పెనాల్టీ ఎంత వేయాలో తేల్చేటప్పుడు ఏవేవి చూడాలో సెక్షన్ 49 చెప్తుంది: ఆ తప్పు వల్ల మీకు ఎంత లాభం వచ్చింది, ఇతరులకు ఎంత నష్టం జరిగింది, ఇది మళ్లీ మళ్లీ జరిగిందా, తెలిసి చేశారా తెలియకా, ఇంకేమైనా సంగతులున్నాయా. మీ జవాబులో వీటిలో ఒక్కోదానికి ఒక్కో పేరా ఉండాలి, ఒక్కో పేరాకు ఒక కాగితం ఉండాలి.

ఉదాహరణకు ఆ బ్యాచ్‌లో మొత్తం 40 కిలోలే ఆడించారు. మిల్లు రిజిస్టర్ జిరాక్సు పెట్టండి. అందులో 28 కిలోలు కొట్లనుంచి వెనక్కి తెచ్చేశారు. రిటర్న్ బిల్లులు పెట్టండి. పన్నెండేళ్లుగా లైసెన్సు ఉంది, ఇదే మొదటి కేసు. పాత రెన్యువల్స్ పెట్టండి. తర్వాత రాళ్లూ ఇసుకా తీసే జల్లెడ మిషన్ కొన్నారు. దాని ఇన్‌వాయిస్ పెట్టండి. చివర సంవత్సరం టర్నోవరెంతో రాయండి. మొత్తం రెండు పేజీలు దాటొద్దు. జేసీ గారి ముందు అలాంటి ఫైళ్లు గుట్టగా ఉంటాయి. మీ ఇంటి కష్టాలు పేజీలకు పేజీలు రాస్తే చదివే తీరిక ఆయనకు ఉండదు.

నేను కిరాణా కొట్టువాణ్ణి. కంపెనీ సీలు ప్యాకెట్ ఉన్నదున్నట్టు అమ్మాను. నాకెందుకు నోటీసు?

గడువు తీరిన సరుకు అమ్మితే, శుభ్రత లేని చోట పెడితే, లేబుల్ తప్పుగా ఉన్నది అమ్మితే, ఎవరి దగ్గర కొన్నారో చెప్పలేకపోతే అమ్మినవాడికీ బాధ్యత ఉంది. మీరు కొన్న డీలర్ బిల్లు ఉంటే సగం గండం గట్టెక్కినట్టే. ఆ బిల్లు మీద 'ఫారం ఈ' అనే గ్యారంటీ (సరుకు చెప్పిన నాణ్యతలోనే ఉందని అమ్మినవాడు ఇచ్చే హామీ) అచ్చయి ఉంటే ఇంకా మంచిది. తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాననీ, సరుకులో లోపం కనిపెట్టే దారి నాకు లేదనీ చూపిస్తే చట్టం రక్షణ ఇస్తుంది. బిల్లు లేకుండా పది రూపాయలు తక్కువని సంచిలో తెచ్చుకున్న సరుకైతే మాత్రం చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

బండి మీద మిర్చి బజ్జీలు అమ్ముకుంటాను. నేనూ జేసీ ఆఫీసు చుట్టూ తిరగాలా?

తిరగకుండా తేల్చుకునే దారి ఉంది. సెక్షన్ 69 కింద చిన్న తయారీదారులు, తోపుడు బండ్ల వాళ్లు, తాత్కాలిక దుకాణాల వాళ్లు డిజిగ్నేటెడ్ ఆఫీసర్ దగ్గరే కొంత సొమ్ము కట్టి రాజీ చేసుకోవచ్చు. రాష్ట్ర ఫుడ్ సేఫ్టీ కమిషనర్ ఆ అధికారం ఆయనకు ఇచ్చి ఉండాలి. సొమ్ము లక్ష దాటదు, మామూలుగా చాలా తక్కువే. కట్టాక కేసు ముందుకు సాగదు. జైలు శిక్ష ఉన్న నేరాలకు ఈ రాజీ కుదరదు. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి. రసీదు లేనిది రాజీ కాదు, ఇంకేదో.

## ఆర్డర్ వచ్చింది, కట్టాలి

ఎక్కడ కట్టాలి? ఫోన్‌పే చేస్తే అవుతుందా?

ఎవరి సొంత నంబరుకూ కొట్టకండి. ఎంత, ఎన్ని రోజుల్లో, ఏ పద్దు కింద, చలానానా డీడీనా అన్నది ఆర్డర్‌లోనే ఉంటుంది. మామూలుగా ట్రెజరీ చలానా: ఆంధ్రలో సీఎఫ్‌ఎంఎస్, తెలంగాణలో సైబర్ ట్రెజరీ, రెండూ ప్రభుత్వానికి సొమ్ము కట్టే వెబ్‌సైట్లు. పద్దు నంబరులో ఒక అంకె తప్పితే డబ్బు ఇంకో శాఖలో పడుతుంది, దాన్ని వెనక్కి తెచ్చుకునే పని పెనాల్టీ కన్నా పెద్ద శిక్ష. చలానా కాపీలు రెండు తీసి ఒకటి జేసీ ఆఫీసులో, ఒకటి ఫుడ్ సేఫ్టీ ఆఫీసులో ఇచ్చి, మీ కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.

ఒక్కసారే అంత కట్టలేను. వాయిదాలు ఇస్తారా?

చట్టంలో వాయిదాల మాట లేదు. గడువు తీరకముందే, బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేసి, రాతపూర్వకంగా అడ్జుడికేటింగ్ ఆఫీసర్‌ను అడగొచ్చు. ఇవ్వడం ఆయన ఇష్టం. గడువు దాటాక అడిగితే ఎగ్గొట్టేవాడి మాటలా వినిపిస్తుంది.

కట్టకుండా ఊరుకుంటే ఏమవుతుంది?

సెక్షన్ 96 చాలా పొట్టిది, కానీ కరుకు. పెనాల్టీ కట్టకపోతే భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు. అంటే తహసీల్దారు ద్వారా జప్తు దాకా వెళ్లొచ్చు. పైగా సొమ్ము కట్టేదాకా లైసెన్సు సస్పెన్షన్‌లో ఉంటుంది. ఆ లోపు సరుకు తయారు చేసి అమ్మితే లైసెన్సు లేకుండా వ్యాపారం చేసినట్టే, దానికి మళ్లీ ఇంకో కేసు.

కడితే మచ్చ పడుతుందా?

క్రిమినల్ శిక్ష కాదు కాబట్టి పాస్‌పోర్టుకో, ఉద్యోగానికో అడ్డం రాదు. కాకపోతే ఇంకోసారి కేసు వస్తే 'మళ్లీ మళ్లీ చేస్తున్నాడు' అన్న లెక్కలోకి వస్తుంది, అప్పుడు అంకె పెరుగుతుంది.

ఆడిటర్ గారు పెనాల్టీని వ్యాపార ఖర్చులో చూపిస్తానంటున్నారు. సరేనా?

కుదరదు. చట్టం మీరినందుకు కట్టిన సొమ్మును ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా మినహాయించుకోనివ్వరు. లాయర్ ఫీజు సంగతి వేరు, దాన్ని విడిగా అడగండి.

## అప్పీలు

ఎక్కడ వేయాలి? ఎన్ని రోజులు?

ఫుడ్ సేఫ్టీ అప్పిలేట్ ట్రిబ్యునల్‌లో, ఆర్డర్ కాపీ అందిన 30 రోజుల్లో. జిల్లా జడ్జిగా చేస్తున్న లేదా చేసిన వ్యక్తి దానికి అధ్యక్షత వహిస్తారు. ఆలస్యమైతే తగిన కారణం చూపి, ఆలస్యాన్ని మన్నించమని విడిగా దరఖాస్తు పెట్టాలి. డాక్టరు సర్టిఫికెట్ లాంటి గట్టి ఆధారం లేకుండా "చూసుకోలేదు" అంటే నడవదు.

అప్పీలు వేశాను కదా, ఇక కట్టక్కర్లేదా?

అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు. అప్పీలుతో పాటే స్టే దరఖాస్తు (తేలేదాకా వసూలు ఆపమని) వేయాలి. కొంత సొమ్ము ముందు కట్టమని షరతు పెట్టొచ్చు. స్టే ఆర్డర్ కాపీ చేతికి రాగానే ఫుడ్ సేఫ్టీ ఆఫీసులో ఇచ్చి రండి. లేకపోతే వాళ్ల లెక్కలో మీరింకా బాకీదారే.

ఎలాంటి పాయింట్లు నిలబడతాయి?

రిపోర్టు కాపీయే మీకు ఇవ్వలేదు, అందువల్ల రిఫరల్ ల్యాబ్‌కు వెళ్లే హక్కు పోయింది. నాలుగో భాగం పంపమని రాసిచ్చినా పంపలేదు. మీ జవాబు ఫైల్లో ఉన్నా ఆర్డర్‌లో దాని ప్రస్తావనే లేదు. సెక్షన్ 49 సంగతులు ఒక్కటీ చర్చించకుండా అంకె వేసేశారు. రిపోర్టు చెప్పింది ఒక తప్పు, ఆర్డర్ వేసింది ఇంకో సెక్షన్. ఇవి నిలిచే పాయింట్లు. "పోటీ కొట్టువాడు పైనుంచి చెప్పించి చేయించాడు" అన్నది, నిజమే అయినా, కాగితం లేకపోతే నిలవదు. ఈ మాటతో వచ్చినవాళ్లకు టీ తాగించి పంపడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేదు.

ట్రిబ్యునల్ ఎందుకు, నేరుగా హైకోర్టుకే వెళ్తే?

రిట్ వేయడానికి దారి మూసేయలేదు. కానీ చట్టంలోనే అప్పీలు దారి ఉన్నప్పుడు ముందు అక్కడికి వెళ్లమని హైకోర్టు చెప్పడం మామూలే. ఆ తిరగడంలో 30 రోజుల గడువు కరిగిపోతుంది. ట్రిబ్యునల్ తీర్పు నచ్చకపోతే అప్పుడు 60 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు. ఊళ్లో మున్సిఫ్ కోర్టులో సివిల్ దావా వేద్దామనే సలహా మాత్రం వినకండి. ఈ విషయాల్లో సివిల్ కోర్టుకు అధికారం లేదని చట్టంలోనే ఉంది.

పెనాల్టీ కాదు, నా లైసెన్సే సస్పెండ్ చేశారు. అదీ ట్రిబ్యునల్‌కేనా?

కాదు, ఈ తేడా తెలియక చాలామంది దెబ్బతింటారు. ముందు ఇంప్రూవ్‌మెంట్ నోటీసు వస్తుంది. సరిచేసుకోవడానికి కనీసం 14 రోజులు ఇవ్వాలి. చేసుకోకపోతే సస్పెన్షన్, ఆ తర్వాత రద్దు. వీటి మీద అప్పీలు రాష్ట్ర ఫుడ్ సేఫ్టీ కమిషనర్‌కు, అదీ 15 రోజుల్లోనే. నోటీసు మీదే అప్పీలైతే 15 రోజులా, నోటీసులో రాసిన గడువా అంటే ఏది ముందు తీరితే అది.

పాతిక వేలు పడింది. అప్పీలుకు వెళ్లడం దండగేమో?

డబ్బు లెక్క ఒక్కటే చూస్తే చాలాసార్లు దండగే. లాయర్ ఫీజు, ప్రయాణాలు, కొట్టు మూసుకున్న రోజులు అన్నీ కలిపితే పాతిక వేలు దాటుతుంది. లేబుల్ తప్పు నిజంగా ఉంటే కట్టేసి లేబుల్ బాగు చేయించుకోండి. కానీ పెద్ద హోటళ్లకో, ఎక్స్‌పోర్టుకో సరుకు వేసేవాళ్లైతే వేరే సంగతి. కొనేవాళ్లు పాత ఆర్డర్లు అడుగుతారు, 'సబ్‌స్టాండర్డ్' అన్న మాట చూసి వెనక్కి తగ్గుతారు. మా బావమరిది కట్టేశాడు, నేనే కట్టమన్నాను. ఇప్పుడతని మిల్లులో పోస్టులో వచ్చే కవర్లకు గల్లాపెట్టె పక్కన ఒక మేకు ఉంది. కవరు రాగానే తేదీ రాసి దానికి గుచ్చుతాడు.